రూజ్ స్కోరు 75 సరే, టికెట్లు ఎవరు తీస్తున్నారు?

"అన్నా, చాట్‌లకి సారాంశం రాసే మోడల్‌కి రూజ్ స్కోరు 53 అని రీసెర్చ్ పేపర్లో రాశారు, నేను రన్ చేస్తే 51 వచ్చింది. వాళ్లు అబద్ధం చెప్పారా?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. తొందరపడకండి. రూజ్ అంటే మోడల్ రాసిన సారాంశాన్ని మనిషి రాసినదానితో పోల్చి నూటికి వేసే మార్కు. అసలు ఆ అంకె దేన్ని కొలుస్తుందో ముందు చూద్దాం.

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్ గ్రూపు చాట్ ఇది.

[స్క్రీన్ మీద చాట్]
రవి: శుక్రవారం ఊరికి టికెట్లు నేను తీయనా?
కిరణ్: వద్దులే, పోయినసారి లాస్ట్ సీట్లు తీశావ్. నేను చూస్తా.
రవి: సరే, నీ ఇష్టం.

మనిషి రాసిన సారాంశం: "ఊరికి టికెట్లు కిరణ్ తీస్తాడు."
మొదటి మోడల్: "ఊరికి టికెట్లు రవి తీస్తాడు." నాలుగు మాటల్లో మూడు కలిశాయి. విడివిడి మాటలు లెక్కపెట్టే రూజ్-1 స్కోరు 75.
రెండో మోడల్: "బస్సు బుకింగ్ కిరణ్ చూసుకుంటాడు." కలిసింది ఒక్క మాటే. 25!

75 వచ్చినదాన్ని చదివి కిరణ్ ఊరుకుంటాడు, రవి ఎలాగూ తీయడు. శుక్రవారం రాత్రి మడివాళ బస్టాప్‌లో బ్యాగులతో ఇద్దరూ నిలబడాల్సిందే. 2004లో చిన్-యూ లిన్ తెచ్చిన రూజ్ మాటలు ఎన్ని కలిశాయో లెక్కపెడుతుంది, అంతే. వార్తలకైతే కొంత నడుస్తుందేమో గానీ, చాట్‌లో 'ఎవరు' అన్నదే ప్రాణం.

ఇక ఆ 53, 51 సంగతి. ఏ డేటా మీద, ఎలా లెక్కపెట్టారో ముందు చూడాలి. 2019 నాటి సామ్‌సమ్ అనే చాట్ సారాంశాల డేటాలో 16 వేలకు పైగా ఇంగ్లిష్ చాట్‌లున్నాయి. భాషావేత్తలు కూర్చుని రాసినవి, అందుకే అంత బుద్ధిగా ఉంటాయి! ఒక్కో చాట్‌కి ఒకే సారాంశం. డైలాగ్‌సమ్ అనే ఇంకో డేటా టెస్ట్ భాగంలో మాత్రం 500 సంభాషణలకు మూడేసి. మూడింటి సగటు తీశారా, ఎక్కువ వచ్చినదాన్ని తీసుకున్నారా? అక్కడే అంకె మారిపోతుంది.

ఇంకో తమాషా. రూజ్-స్కోర్ అనే పైథాన్ లైబ్రరీకి మా కిరణ్ సారాంశాన్నే రెండు పక్కలా ఇచ్చాను. వంద రావాలి కదా? సున్నా! దాని మామూలు టోకెనైజర్ (వాక్యాన్ని మాటలుగా విడగొట్టే భాగం) ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప అన్నీ చెరిపేస్తుంది. కిరణ్ లేడు, రవి లేడు, టికెట్లూ లేవు. తెలుగుకి టోకెనైజర్ మనమే రాసివ్వాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. స్టెమింగ్ (మాటల చివర్లు కత్తిరించి పోల్చడం) ఆన్‌లో ఉందా, రూజ్-ఎల్ (మాటల వరుసను చూసేది) తీశారా ఎల్‌సమ్ (దాన్నే వాక్యం వాక్యంగా చూసేది) తీశారా, బీమ్ (మోడల్ ఒకేసారి వెతికే దారులు) ఎంత, సారాంశం పొడవు హద్దు ఎంత, ఎన్ని సీడ్‌లు (రన్ మొదలుపెట్టే యాదృచ్ఛిక అంకెలు)... అంకెను మార్చేవి ఇవన్నీ చూసుకోండి. ఒక్క సీడ్‌తో వచ్చిన అరపాయింటుకి పార్టీలు వద్దు. అర్థం దగ్గరితనాన్ని కొలిచే బర్ట్‌స్కోర్ 'బుకింగ్', 'టికెట్లు' దగ్గరి మాటలని కొంత పట్టుకుంటుంది, పేర్లు తారుమారైతే దాన్నీ నమ్మలేం. ఓ 50 సారాంశాలు చాట్ పక్కన పెట్టుకుని మీరే చదవండి. బోరే, ఒప్పుకుంటా.

ఆ శుక్రవారం టికెట్లు కిరణే తీశాడు. మళ్లీ లాస్ట్ సీట్లే.