జాకెట్ సైజు వేరు, బ్రా సైజు వేరు

నమస్తే అండీ. బ్రా కొనడానికి షాపుకి వెళ్తాం. "ఎంత సైజమ్మా?" అని అడుగుతారు. పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, గొంతు తగ్గించి ఏదో ఒక నంబరు చెప్తాం. ఆ నంబరు ఎలా తెలుసని ఎవరినైనా అడగండి, ఎక్కువగా ఒకటే జవాబు వస్తుంది: "టైలరు జాకెట్‌కి అదే రాసుకున్నాడు కదా!" చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఇదే అంటుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఏళ్ల తరబడి భుజాలు నొప్పి పెడుతున్నా, తప్పు ఆ నంబరుదని వాళ్లకి తట్టదు.

టైలరు ఛాతీ కొలత ఎక్కడ తీస్తారు? రొమ్ముల మీదుగా, బాగా ఎత్తుగా ఉన్నచోట. మిగతాది డాట్లతో సరిచేస్తారు. కానీ బ్రా నిలబడేది రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ ఉండే బ్యాండు మీద. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది అదే. స్ట్రాపుల పని కప్పుని దాని చోట ఉంచడం మాత్రమే.

ఒక అక్కాచెల్లెళ్లను తీసుకుందాం. వీడియో అంతా వీళ్లే మన ఉదాహరణ. ఇద్దరికీ ఛాతీ 37 అంగుళాలు. కింద ఒక కుట్టు అటూ ఇటూ చేస్తే అక్క జాకెట్ చెల్లెలికి పట్టేస్తుంది. కాబట్టి బ్రాలు కూడా ఇద్దరికీ ఒకే సైజు కొంటుంది వాళ్లమ్మ. ఇప్పుడు రొమ్ముల కింద టేపు చుట్టి చూద్దాం. అక్కకి 30, చెల్లెలికి 32 వచ్చింది. ఇక్కడి నుంచి ఇద్దరి దారులూ వేరు.

[స్క్రీన్ మీద: అద్దం ముందు నిలబడి టేపు చుట్టుకోవడం]

ముందు కొలత సరిగ్గా తీసుకుందాం. ప్యాడ్ లేని పల్చటి బ్రా మాత్రమే వేసుకుని అద్దం ముందు నిలబడండి. టేపు రొమ్ముల కిందుగా, మీ బ్రా బ్యాండు కూర్చునే చోటే చుట్టండి. ముందువైపు మనం బాగానే పట్టుకుంటాం. మోసం జరిగేది వీపు దగ్గర. చేతులు ముందుకు తెచ్చేసరికి వెనక టేపు కిందికి జారిపోతుంది, కొలత మారిపోతుంది. అందుకే పక్కకి తిరిగి అద్దంలో చూడండి. టేపు నేలకి సమాంతరంగా ఉందా? ఉంటే ఊపిరి పూర్తిగా వదిలి, టేపు ఒంటికి బిగుతుగా ఆనేలా పట్టుకుని చదవండి. తర్వాత రెండో కొలత, రొమ్ములు ఎత్తుగా ఉన్నచోట. ఇక్కడ మాత్రం బిగించకూడదు. టేపు తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. ఇంట్లో టేపు లేకపోతే సాగని దారం చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టి చూడండి. దానికోసం కొలవడం వాయిదా వేయకండి.

ఇప్పుడు లెక్క. మన షాపుల్లో దొరికే చాలా బ్రాలకి పాత లెక్కే నడుస్తోంది. కింది కొలత సరిసంఖ్య అయితే 4, బేసి సంఖ్య అయితే 5 కలపాలి. అక్కకి 30కి 4 కలిపితే 34. చెల్లెలికి 36. ఇది బ్యాండు. ఛాతీ కొలతలోంచి ఈ బ్యాండు తీసేస్తే కప్పు తేలుతుంది. తేడా 1 అంగుళం అయితే ఎ, 2 అయితే బి, 3 అయితే సి, 4 అయితే డి. అక్కకి 37లోంచి 34 పోతే 3, అంటే 34సి. చెల్లెలికి 37లోంచి 36 పోతే 1, అంటే 36ఎ. జాకెట్ ఒకటే, బ్రాలు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి!

ఇక్కడే రెండో అపోహ ఉంది. "డి అంటే రొమ్ములు చాలా పెద్దగా ఉన్నవాళ్లకి" అనుకుంటారు. ఆ మాట విని సిగ్గుపడి తక్కువ కప్పు కొనుక్కునే అమ్మాయిలున్నారు, అది అస్సలు అవసరం లేదు. అక్షరం ఒక్కటే సైజు చెప్పదు. అది తేడాని మాత్రమే చెప్తుంది. 1932లో అమెరికాలో ఎస్.హెచ్. క్యాంప్ కంపెనీ ఎ నుంచి డి వరకు అక్షరాలు పెట్టినప్పటి నుంచి వాటి చుట్టూ ఈ గందరగోళం నడుస్తూనే ఉంది. అక్క 34సి కప్పులో పట్టేది దాదాపు 36బిలో, 32డిలో కూడా అంతే పడుతుంది. వీటినే సిస్టర్ సైజులు అంటారు.

అలాగని షాపులో "34సి లేదు, 36బి తీసుకోండి, ఒకటే" అంటే వెంటనే ఒప్పుకోకండి. కప్పు ఒకటే, బ్యాండు కాదు. అక్క ఆ 36బి వేసుకుందనుకోండి. బ్యాండు వదులై వీపు మీద పైకి పాకుతుంది. ముందు కప్పులు కిందికి దిగుతాయి. అది చూసి ఆమె స్ట్రాపులు బిగిస్తుంది. బిగించేకొద్దీ వెనక బ్యాండు ఇంకా పైకి లేస్తుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. సాయంత్రం బ్రా విప్పాక భుజాల మీద ఎర్రటి గాట్లు కనిపించేది అందుకే. "నా ఒళ్లే అంత" అని సరిపెట్టుకునే అవసరం లేదు, అక్కకి బ్యాండు తగ్గితే చాలు.

ఇంకోటి. నెట్‌లో కొన్ని కాలిక్యులేటర్లు 4, 5 కలపవు. అక్క కొలతలు అక్కడ పెడితే బ్యాండు 30 అని, కప్పు డి కూడా దాటించి చూపిస్తాయి. టెన్షన్ పడకండి, అది వేరే పద్ధతి. కొనబోయే కంపెనీ చార్ట్ ఏదో అదే చూడండి. లేబుల్ మీద 34 పక్కన 75 అని ఉంటే అది సెంటీమీటర్ల లెక్క, కింది కొలత 73 నుంచి 77 మధ్య ఉన్నవాళ్లకి. అక్క 30 అంగుళాలు అంటే 76 సెంటీమీటర్లు, సరిపోయింది. చెల్లెలికి 81, ఆమెది 80, అంటే 36. నాకైతే ఈ సెంటీమీటర్ల అంకె మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే అందులో కలపడాలూ తీసేయడాలూ లేవు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొత్త బ్రా అన్నిటికంటే వదులుగా ఉండే చివరి హుక్కు వరసకి సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి వరసలకి మారొచ్చు. బ్యాండు కింద రెండు వేళ్లు దూరాలి, అంతకు మించి కాదు. కప్పు పైనుంచి పొంగితే కప్పు పెంచండి, ముడతలు పడితే తగ్గించండి. వైరు ఉన్న బ్రా అయితే రెండు కప్పుల మధ్య భాగం ఎముకకి ఆనాలి. రెండు వైపులా ఒకేలా లేకపోవడం మామూలే, పెద్దవైపుకి సరిపోయేది కొనండి. బరువు మారినా, కాన్పు అయినా మళ్లీ కొలవండి. పాలిచ్చే రోజుల్లో కొలత పూటపూటకీ మారుతుంది, వాళ్లకి ఈ లెక్క ఇలాగే పనిచేయదు. ఆ తల్లుల కోసం విడిగా వీడియో చేస్తున్నాను, వచ్చే వారం పెడతాను.