లంక నుంచి మరలి వచ్చిన సేన: 32 నెలల లెక్క

శ్రోతలకు నమస్కారం.

1990 మార్చి 24న శ్రీలంకలోని త్రింకోమలీ రేవు నుంచి భారత శాంతి సేన ఆఖరి దళం ఓడ ఎక్కి బయలుదేరింది. ఆ సేన అక్కడ అడుగుపెట్టింది 1987 జులై ఆఖరున. నడుమ గడిచిన 32 నెలల్లో నాలుగు డివిజన్ల భారత సైన్యం ఆ ద్వీపంలో మోహరించింది, మన జవాన్లు 1,100 మందికి పైగా ప్రాణాలు విడిచారు, వారికి రెట్టింపు కన్నా ఎక్కువ మంది గాయపడ్డారు, ఉత్తర, తూర్పు ప్రాంతాల తమిళ పౌరులు ఎందరో ఆ పోరులో నలిగి చనిపోయారు. పరాయి గడ్డకు సైన్యాన్ని పంపి, ఏళ్ళ తరబడి ఉంచి, చివరికి వెనక్కు పిలిపించుకున్న ప్రతి దేశాన్నీ వెంటాడే ప్రశ్న మన దేశాన్నీ వెంటాడింది. ఇంత పోగొట్టుకున్నందుకు మనకు దక్కినదేమిటి?

ఇది తిరుపతి, చిత్తూరు ప్రాంతాల శ్రోతలకు దూరపు ముచ్చట కాదు. చిత్తూరు నుంచి రాణిపేట, కాంచీపురం మీదుగా చెన్నై వెళ్ళే బస్సు శ్రీపెరుంబుదూరు దాటుతున్నప్పుడు రోడ్డు పక్కనే రాజీవ్ గాంధీ స్మారకం కనిపిస్తుంది. 1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో ఎన్నికల పని ముగించుకుని విమానమెక్కిన ఆయన, ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో, లంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధాలు పట్టిన ఎల్‌టీటీఈ సంస్థ ఆత్మాహుతి దాడిలో మరణించారు. ఇటు తడ దాటి కొంత దూరం పోతే వచ్చే గుమ్మిడిపూండి పరిసరాల్లో, ఆ యుద్ధం తరిమిన శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. చిత్తూరుకు గంట దూరంలోని వేలూరు కోటలో నిర్బంధంలో ఉన్న ఎల్‌టీటీఈ ఖైదీలు 1995 ఆగస్టులో సొరంగం తవ్వుకుని పదుల సంఖ్యలో పారిపోయిన ఉదంతం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అన్నట్టు, లంకలోని కాండీ రాజ్యపు చివరి పాలకుడు, నాయక వంశస్థుడు శ్రీ విక్రమ రాజసింహను బ్రిటిష్ వాళ్ళు బందీగా తెచ్చి ఉంచినది కూడా ఆ వేలూరు కోటలోనే; 1832లో ఆయన అక్కడే కన్నుమూశారు.

మన సైన్యం వెళ్ళడానికి కారణం లేకపోలేదు. 1983 జులైలో కొలంబోలోనూ ఇతర చోట్లా తమిళుల మీద జరిగిన మారణకాండ తరువాత లక్షకు పైగా శరణార్థులు సముద్రం దాటి తమిళనాడు చేరారు. ఆ రోజుల్లోనే ఇందిరా గాంధీ తమ విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును హుటాహుటిన కొలంబోకు పంపారు. ఒక పక్క రాయబారం నడుపుతూనే, మరో పక్క మన గూఢచార సంస్థలు తమిళ సాయుధ బృందాలకు శిక్షణ ఇచ్చి, ఆయుధాలు సమకూర్చాయి. 1987 మే నెలలో లంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పాన్ని ముట్టడించినప్పుడు, సరుకులతో వెళ్ళిన మన పడవలను వాళ్ళు తిప్పి పంపితే, జూన్ 4న మన వైమానిక దళం మిరాజ్ యుద్ధ విమానాల కాపుతో వెళ్ళి జాఫ్నా మీద ఆహార పదార్థాలు జారవిడిచింది. అంతవరకు వచ్చాక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందానికి దిగివచ్చారు. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేశారు. మరునాడే గౌరవ వందనం స్వీకరిస్తున్న మన ప్రధాని మీద ఒక లంక నావికుడు తుపాకీ మడమ ఎత్తి కొట్టబోయాడు.

లోపం ఆ కాగితంలోనే ఉందని నా అభిప్రాయం. పోరాడుతున్నది లంక ప్రభుత్వమూ ఎల్‌టీటీఈ. సంతకాలు చేసినది లంక ప్రభుత్వమూ భారత ప్రభుత్వమూ. ఎల్‌టీటీఈ అధినేత ప్రభాకరన్‌ను ఢిల్లీకి తీసుకువచ్చి అశోకా హోటల్‌లో ఉంచి ఒప్పించామనుకున్నారు. జాఫ్నాకు తిరిగి వెళ్ళిన ఆయన ఆగస్టు 4న సుదుమలైలో జనం ముందు నిలబడి, తమిళుల రక్షణ బాధ్యతను ఇక భారతదేశం చేతిలో పెడుతున్నామని ప్రకటించారు, ఒప్పందం కోరినట్టు పేరుకు కొన్ని ఆయుధాలు అప్పగించారు, మిగిలినవి దాచుకున్నారు. ఇరుగుపొరుగు తగాదాలో పూచీ ఉన్న మనిషి, తగాదా పడ్డవాళ్ళలో ఒకరు మాట తప్పితే ఆ నష్టం తానే భరించవలసి వచ్చినట్టు, అక్టోబరు వచ్చేసరికి మన సైన్యం తాను కాపాడవచ్చిన ప్రజల పక్షాన పోరాడుతున్నామనే వాళ్ళతోనే యుద్ధానికి దిగవలసి వచ్చింది.

ఆ యుద్ధం ఎలా మొదలైందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాతి రెండున్నరేళ్ళ కథ ఆ మొదటి రాత్రిలోనే ఉంది. మొదట వెళ్ళిన దళం సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి దళ డివిజన్. అక్టోబరు 11 రాత్రి, ఎల్‌టీటీఈ నాయకులు జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నారన్న సమాచారంతో, మన పారా కమాండోలను, 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను మి-8 హెలికాప్టర్లలో అక్కడి మైదానంలో దింపడానికి పథకం వేశారు. మన వైర్‌లెస్ సంభాషణలు అవతలివాళ్ళు అప్పటికే విన్నారు. మైదానం చుట్టూ మెషిన్‌గన్లు సిద్ధంగా ఉన్నాయి. కాల్పుల దెబ్బకు హెలికాప్టర్లు మళ్ళీ రాలేకపోయాయి, వెనుక రావలసిన జవాన్లు రాలేదు, అప్పటికే దిగిన 30 మంది సిక్కు జవాన్లు ఒంటరిగా చిక్కుపడిపోయారు. తెల్లవారిన తరువాత కూడా తూటాలు అయిపోయేదాకా పోరాడి వారిలో 29 మంది చనిపోయారు, ఒక్కరు బందీగా చిక్కారు. రోడ్ల నిండా మందుపాతరలు ఉన్నందున మన ట్యాంకులు రైలు పట్టాల మీదుగా వెళ్ళి పారా కమాండోలను మాత్రం బయటికి తేగలిగాయి. రెండు వారాలలో జాఫ్నా పట్టణం మన చేతికి వచ్చింది, కానీ ఎల్‌టీటీఈ అడవుల్లోకి తప్పుకుంది. ఆ పట్టణంలోని ఆసుపత్రిలో, అక్టోబరు 21న, వైద్యులూ నర్సులూ రోగులూ మన సైనికుల కాల్పులలో చనిపోయారు. దీనిని పక్కన పెట్టి లెక్క వేస్తే అది నిజాయతీ గల లెక్క కాదు.

చిత్తూరు వైపు నుంచి ఆ సేనలో పనిచేసి వచ్చిన ఒక విశ్రాంత హవల్దారుతో ఒకసారి మాట్లాడాను. నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాల వారికి తమిళం ఇంటి భాష వంటిది కదా, ఆయనకూ వచ్చు. ఆగస్టు నెలలో వీధివీధినా దండలు వేసి, టీ ఇచ్చి, బిడ్డల్ని ఎత్తి చూపించిన ఇళ్ళే, నవంబరు నాటికి తమ గస్తీ వస్తుంటే తలుపులు మూసుకునేవని చెప్పారు. తలుపుల వెనుక ఆడవాళ్ళు తమను ఏమని తిట్టుకునేవారో ఆయనకు వినబడేది. "పక్కనున్న సర్దార్జీకి ఆ మాటలు తెలియవు సార్, నాకు తెలిసేవి, వాడే నయం" అన్నారు. యుద్ధం గురించి నేను చదివిన ఎన్నో విశ్లేషణల కన్నా ఆ మాట నాకు ఎక్కువ చెప్పింది.

ఇక లెక్కకు వద్దాం. సైన్యం వెనుదిరిగిన తరువాత, అది నిలబెట్టినదేది అక్కడ ఇంకా నిలబడి ఉందో చూడటం నా దృష్టిలో సరైన కొలత. 1988 నవంబరులో మన సైన్యం కాపలాలో ఉత్తర, తూర్పు ప్రాంతాలకు కలిపి ప్రాంతీయ మండలి ఎన్నికలు జరిగాయి. వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ప్రభుత్వానికి అండగా ఉండేందుకని తమిళ జాతీయ సైన్యం పేరుతో ఒక దళాన్ని హడావుడిగా పోగుచేశారు, అందుకోసం ఇళ్ళ నుంచి, బడుల నుంచి కుర్రవాళ్ళను బలవంతంగా పట్టుకెళ్ళారు. మన సైన్యం ఒక్కొక్క జిల్లా ఖాళీ చేస్తూ ఉంటే, ఎల్‌టీటీఈ ఒక్కొక్క శిబిరం మీద పడి ఆ కుర్రవాళ్ళను చంపింది, మిగిలినవాళ్ళు చెదిరిపోయారు. మన ఆఖరి ఓడ కదలకముందే ముఖ్యమంత్రి భారతదేశానికి వచ్చేశారు. తుపాకీ పట్టడం కూడా సరిగా రాని ఆ పిల్లల చావుకు మనం ఎంత బాధ్యులమో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మన సైన్యం తిరిగి వచ్చిన మూడు నెలలకే, జూన్‌లో, తూర్పున లొంగిపోయిన వందలాది పోలీసులను ఎల్‌టీటీఈ చంపడంతో యుద్ధం మళ్ళీ మొదలైంది. 14 నెలలు తిరక్కుండానే శ్రీపెరుంబుదూరు జరిగింది. ఆ మరుసటి ఏడాది మే నెలలో, అప్పుడు ప్రధానిగా ఉన్న పి.వి. నరసింహారావు ప్రభుత్వం, ఒకప్పుడు మన దేశమే శిక్షణ ఇచ్చిన ఆ సంస్థను నిషేధించింది.

ఈ కొలతలో మనం ఒంటరివాళ్ళం కాదు. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరిలో ఆఫ్ఘనిస్తాన్ విడిచాక నజీబుల్లా ప్రభుత్వం మూడేళ్ళు నిలిచింది, మాస్కో నుంచి డబ్బూ ఇంధనమూ ఆగిపోగానే 1992 ఏప్రిల్‌లో కూలింది. అమెరికా అక్కడే 20 ఏళ్ళు ఉండి, 2,400 మందికి పైగా సొంత సైనికులను పోగొట్టుకుని, లక్షల మంది ఆఫ్ఘన్ సైనికులకు శిక్షణ ఇచ్చి వెళ్ళబోతే, ఆఖరి విమానం లేవడానికి రెండు వారాల ముందే, 2021 ఆగస్టు 15న, తాలిబాన్లు కాబూల్‌లో అడుగుపెట్టారు. పరాయి సైన్యం జీతమిచ్చి నిలబెట్టిన దళం ఆ సైన్యం ఉన్నంతవరకే నిలుస్తుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

మరికొంత కాలం ఉండి ఉంటే గెలిచేవాళ్ళమని అనే మాజీ సేనానులు ఉన్నారు. 1989 నాటికి మన సైన్యం ఎల్‌టీటీఈని ముల్లైతీవు అడవుల్లో బాగా ఇరుకున పెట్టిన మాట నిజమే. అయితే 1989 జనవరిలో పదవిలోకి వచ్చిన అధ్యక్షుడు ప్రేమదాస భారత సైన్యం వెళ్ళిపోవాలని జూన్ 1న బహిరంగంగా కోరారు, అంతటితో ఆగక ఎల్‌టీటీఈకి ఆయుధాలు సైతం అందజేయించారు. పిలిచిన దేశమే శత్రువుకు తుపాకులు ఇస్తూ ఉంటే, ఆ దేశపు నేల మీద ఎవరి తరపున, ఏ చట్టం ప్రకారం పోరాడతాం? పైగా, ఈ జోక్యం వల్ల మొదటి రోజు నుంచీ నికరంగా లాభపడినది కొలంబోయే. ఉత్తరాన్ని మనకు అప్పగించి, తన సైన్యాన్ని దక్షిణానికి తరలించి, అక్కడ జేవీపీ అనే సింహళ వామపక్ష పార్టీ సాయుధ తిరుగుబాటును అణచుకోగలిగింది. ఆ ప్రేమదాస కూడా 1993 మే 1న ఎల్‌టీటీఈ ఆత్మాహుతి దాడిలోనే పోయారు.

కనుక, సైన్యాన్ని యుద్ధంలోకి దింపిన నిర్ణయం పెట్టిన ఖర్చుకు తగినది కాదని నేను అనుకుంటున్నాను. అయితే నిర్ణయపు లెక్కనూ జవాన్ల లెక్కనూ కలిపి రాయడం వల్ల మన దేశం ఇంకో తప్పు చేసింది. సేన మద్రాసు రేవులో దిగినప్పుడు, తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం పలకలేనని ఆనాటి ముఖ్యమంత్రి కరుణానిధి ఆ కార్యక్రమానికి వెళ్ళలేదు. ఢిల్లీలో ప్రభుత్వం మారింది, ఆ ప్రస్తావన ఎవరికీ రుచించలేదు. శత్రువు తూటా ఛాతీలో దిగినా తుపాకీ లాక్కుని అతన్ని కాల్చి, దళాన్ని నడిపిస్తూనే మరణించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర వచ్చింది గాని, ఆ 1,100 పైచిలుకు జవాన్ల పేర్లతో కొలంబో శివార్లలో స్మారకం కట్టినది శ్రీలంక ప్రభుత్వం, అదీ 2008లో. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరిలో గాని రాలేదు. సిగ్గుపడవలసినది పంపినవాళ్ళయితే, ఆ సిగ్గును 30 ఏళ్ళు మోసినది వెళ్ళి వచ్చినవాళ్ళూ, రాని వాళ్ళ కుటుంబాలూ.

మిగిలినది ఒకటుంది, అది సైన్యం తెచ్చినది కాదు, కాగితం తెచ్చినది. ఒప్పందాన్ని అనుసరించి 1987 నవంబరులో లంక రాజ్యాంగానికి చేసిన 13వ సవరణ తమిళాన్ని కూడా అధికార భాషగా చేసింది, ప్రాంతీయ మండళ్ళను ఏర్పరిచింది. త్రింకోమలీ రేవును భారతదేశ ప్రయోజనాలకు భంగం కలిగేలా ఏ దేశపు సైనిక అవసరాలకూ ఇవ్వబోమన్న మాట కూడా ఆ ఒప్పందానికి జతపరచిన లేఖలలోనిదే. అక్కడి చమురు ట్యాంకులను కలిసి అభివృద్ధి చేసుకోవాలన్న వాక్యం 2022 జనవరిలో కొత్త ఒప్పందంగా ముందుకు కదిలింది. సవరణ మాత్రం సగమే నడిచింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల విలీనాన్ని 2006లో లంక సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఉత్తర ప్రాంతానికి విడిగా మొదటి మండలి ఎన్నిక జరగడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది. ఆ మండళ్ళ గడువు తీరిపోయిన తరువాత గవర్నర్ల పాలన నడుస్తూ వచ్చింది. ఆనాడు ఈ ఒప్పందాన్ని ఆయుధాలతో వ్యతిరేకించి, విలీనం రద్దు కోసం కోర్టుకు కూడా వెళ్ళిన జేవీపీ నాయకుడు అనుర కుమార దిస్సనాయకే 2024 సెప్టెంబరు నుంచి శ్రీలంక అధ్యక్షుడు. పదవి చేపట్టాక ఆయన మొదట వచ్చిన విదేశీ రాజధాని ఢిల్లీ. ప్రాంతీయ మండళ్ళకు ఎన్నికలు పెట్టించవలసిన అధికారం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది, వాటి గురించి అడగవలసిన హక్కు 1987 నాటి సంతకం వల్ల మనకు ఇంకా ఉంది.

నమస్కారం.