మేస్త్రి ఫోన్‌లోకి రావాల్సిన మాట

అందరికీ నమస్కారం. వారానికి ఒక్క ఆదివారం దొరుకుతుంది, అది కూడా వదులుకుని వచ్చిన బేల్దారి అన్నలకు, సెంట్రింగ్, కంబి పని తమ్ముళ్లకు, ఇసుక, ఇటుక మోసే అక్కలకు ముందుగా దండాలు. వెనక వరసల్లో కూర్చున్న సివిల్ డిప్లొమా పిల్లలూ, ఈ రోజు మాట్లాడేది ఎక్కువగా మీ కోసమే, ఎందుకో చివర్లో చెప్తాను.

మా నాయన బేల్దారి మేస్త్రి. మాది పాకాల పక్కన పల్లె. తెల్లవారుజామునే బయల్దేరి తిరుపతికి వచ్చి గోడలు లేపి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. అన్నం కలుపుకోవడానికి స్పూన్ అడిగేవాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా నోళ్లు తెరుచుకుని ఉండేది, దానికి పులుసు తగిలితే మనిషి మెలికలు తిరిగిపోయేవాడు. అడిగితే "సిమెంటు కొరికిందిలే" అనేవాడు. కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాడు, పొద్దున్నే మళ్లీ పనికి పోయేవాడు.

నేను డిప్లొమా చదివేటప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక పేజీ కనబడింది. తడి సిమెంటులో క్షారం చాలా ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది, అది చర్మాన్ని కాలుస్తుంది. పైగా అందులో కొద్దిగా ఉండే క్రోమియం వల్ల కొందరికి ఎలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే కొద్దిపాటి సిమెంటు తగిలినా మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది అని రాసుంది. తాపీ, బొచ్చెలు కడిగిన నీళ్లలో చేతులు కడుక్కోవద్దు, విడిగా మంచి నీళ్లు పెట్టుకోండి అని కూడా ఉంది. మా నాయన రోజూ సాయంత్రం పనిముట్లు కడిగిన డ్రమ్ములోనే చేతులు కడుక్కునేవాడు. ఆ పేజీ ముందు కూర్చుని నేను ఏడ్చాను. ఆ సమాచారానికి పైసా ఖర్చు లేదు, ఎవరూ దాచిపెట్టలేదు, కాకపోతే ఇంగ్లీషులో ఉంది, మా నాయనకు ఐదో తరగతి తెలుగే వచ్చు.

కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ప్రాణాలు కాపాడే సమాచారం ఇంటర్నెట్‌లో కుప్పలుగా ఉంది. పని మొదలుపెట్టే ముందు, మన మాటలో, చెవిన పడేలా దాన్ని దించాల్సిన మనుషులే తక్కువ.

ఎక్కడెక్కడ ఉందో కొంచెం చెప్తాను. అమెరికాలో ఎల్‌కాష్ అని నిర్మాణ కార్మికుల భద్రత కోసమే పెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది. అందులో నువ్వు చేసే పని పేరు పెట్టి వెతకొచ్చు, ప్రమాదం పేరు పెట్టి కూడా వెతకొచ్చు. దాన్ని పెట్టిన సీపీడబ్ల్యూఆర్ సంస్థ టూల్‌బాక్స్ టాక్‌లు, అంటే పని మొదలుపెట్టే ముందు చదివి వినిపించే చిన్న భద్రతా పాఠాలు కూడా తయారుచేస్తుంది. ఒక్కో కాగితం మీద ఒకే విషయం ఉంటుంది, ముందు చిన్న సంఘటన, తర్వాత మేస్త్రి అడగాల్సిన ప్రశ్నలు, వెనక పక్క గోడకు అతికించే బొమ్మ. ఐదు నిమిషాల్లో చదివి వినిపించేయొచ్చు. అవి ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉన్నాయి, ఎందుకంటే అక్కడి సైట్లలో స్పానిష్ మాట్లాడే కూలీలు చాలామంది. అంటే వాళ్లు తమ కూలీల భాష పట్టించుకున్నారు. మనం ఇంకా పట్టించుకోలేదు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఇంకొకటి. నియోష్ అని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ 1982లో ఫేస్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పనిలో మనిషి చనిపోతే కొన్ని కేసులు తీసుకుని సైట్‌కు వెళ్లి చూస్తారు. నిచ్చెన ఎక్కడ ఆనించారు, ఎంత ఎత్తు, బెల్టు ఉందా, ఉంటే దేనికి తగిలించారు, ఏం చేసుంటే బతికేవాడు అని వివరంగా రాసి ఆన్‌లైన్‌లో పెడతారు. చనిపోయినవాడి పేరుండదు, కంపెనీ పేరుండదు, ఎందుకంటే అది శిక్ష వేయడానికి కాదు, ఇంకొకడు అలా పోకూడదని. మన దగ్గర? పేపర్ జిల్లా పేజీలో మూడు లైన్లు వస్తాయి, "ప్రమాదవశాత్తు జారిపడి కార్మికుడి మృతి" అని. ఎందుకు జారాడు? పరంజా చెక్క కట్టలేదా? లిఫ్ట్ గుంతకు అడ్డం పెట్టలేదా? ఎవరూ రాయరు. నేను పనిచేసిన ఒక సైట్‌లో మూడో అంతస్తు సెంట్రింగ్ విప్పుతూ ఒక కుర్రాడు పడిపోయాడు. నడుముకు బెల్టు ఉంది, దాన్ని తగిలించడానికి గట్టి ఆధారం అక్కడ లేదు. మరుసటి రోజు మళ్లీ అదే చోట, అదే పద్ధతిలో ఇంకొకరిని ఎక్కించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు గ్రానైట్ సంగతి. కుప్పం గ్రానైట్ పేరు మీకు నేను చెప్పాలా, మన ఇళ్లల్లో మెట్లు, వంటగట్లు అన్నీ గ్రానైటే కదా. కటింగ్ మిషన్ పెడితే గది తెల్లగా అయిపోతుంది, కోసే మనిషి కనురెప్పల మీద పిండి చల్లినట్టు పేరుకుంటుంది. ఆ పిండిలో సిలికా ఉంటుంది. కంటికి కనిపించే దుమ్ము కాదు, కనిపించనంత సన్నది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత ఆయాసం మొదలవుతుంది, దాన్ని సిలికోసిస్ అంటారు, దానికి నయమయ్యే మందు లేదు, టీబీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2016లో తెచ్చిన సిలికా నియమంలో ఒక పట్టిక ఉంది. మొదటి గడిలో మిషన్ పేరు, రెండో గడిలో నీళ్లా, దుమ్ము పీల్చే యంత్రమా, మూడో గడిలో మాస్క్ కావాలా వద్దా. చేత్తో పట్టుకునే రంపానికి బ్లేడ్ మీద నీళ్లు ఆగకుండా పడాలి, గది లోపలైతే నీళ్లతో పాటు మాస్క్ కూడా.

ఇది చదివి నేను ఎగిరి గంతేసినంత పని చేసి, మరుసటి రోజే సైట్‌లో కటింగ్ చేసే అన్నకు చెప్పాను, "అన్నా, నీళ్లు పోసి కోయండి" అని. ఆయన మిషన్ ఆపి, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు కిందికి లాగి, "నీళ్లు పోస్తే షాక్ కొడతాది మేడమ్, మా బామ్మర్ది అట్లనే పోయినాడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆయన చెప్పింది నిజం. వైరు మూడు చోట్ల టేపు చుట్టి ఉంది, ఎర్తింగ్ లేదు, ప్లగ్ లేకుండా వైర్లు నేరుగా సాకెట్‌లో గుచ్చి అగ్గిపుల్లలు బిగించారు. ఆ పరిస్థితిలో నీళ్లు పోయమని చెప్పడం మనిషిని చంపడమే. ఇంటర్నెట్‌లో ఉన్నది తప్పు కాదు, ఆయన అన్నదీ తప్పు కాదు, మధ్యలో ఒక పని మిగిలిపోయింది. నీళ్ల పైపు తగిలించే ఏర్పాటు ఉన్న మిషన్ కావాలి, అతుకుల్లేని వైరు కావాలి, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి, కరెంటు ఎక్కడ లీకైనా అది చటుక్కున ట్రిప్ అవుతుంది. అక్కడికెళ్లి నిలబడి ఆ అన్న మాట వినకపోతే నాకు ఇది తట్టేదే కాదు. అందుకే అంటున్నా, తెలుగులోకి మార్చడం ఒక్కటే చాలదు, సైట్‌లో చేసేవాడిని అడిగి మార్చాలి. అక్కడి కాగితాల్లో వోల్టేజీలు కూడా వేరు, వాళ్ల ఇళ్లల్లో 120 వోల్టులు, మనకు 230.

మన దేశంలోనూ ఉపయోగపడేవి ఉన్నాయి. వస్తువుల నాణ్యతకు ప్రమాణాలు పెట్టే మన ప్రభుత్వ సంస్థ బీఐఎస్, దాని ప్రమాణాలు ఇప్పుడు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, హెల్మెట్‌కు ఐఎస్ 2925, ఒంటికి కట్టుకునే బెల్టుకు ఐఎస్ 3521. అవి చదివే ఓపిక లేకపోతే బీఐఎస్ కేర్ యాప్ వేసుకోండి, హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని నంబర్ ఉంటుంది, అది కొడితే లైసెన్స్ నిజమో కాదో తెలిసిపోతుంది. రోడ్డు పక్కన చవగ్గా దొరికే టోపీ తల కాపాడదన్నా.

వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మొద్దు. షాక్ కొట్టినవాణ్ణి ఇసుకలో కప్పిపెడితే కరెంటు దిగిపోతుందన్న మాట ఇంకా తిరుగుతోంది. అలా చేస్తే బతికే నిమిషాలు ఇసుకలో పోతాయి. ముందు మెయిన్ ఆపాలి, ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కుతూ ఉండాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకో విషయం, ఏది చదివినా తేదీ చూడండి. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం గురించి రాసిన పేజీలు బోలెడు ఉన్నాయి, కానీ 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కూలీల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్‌లో పేరు లేనివాళ్లు 14434కి ఫోన్ చేసి అడగండి.

ఎండలు వస్తున్నాయి. మన తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, మధ్యాహ్నం స్లాబ్ మీద కంబి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకే వడదెబ్బ ముప్పు ఎక్కువ, ఎందుకంటే ఒళ్లు వేడికి అలవాటు పడదు. మొదటి రోజు పూర్తి వేగంతో ఐదో వంతు సమయమే పని చేయించి, రోజుకు కొంచెం పెంచమని ఓషా చెప్తుంది. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి రైలు దిగిన పిల్లల్ని ఆ రోజే స్లాబ్ ఎక్కించే మేస్త్రీలకు చేతులు జోడించి అడుగుతున్నా, అలా చేయకండి. వాళ్లకు తెలుగు కూడా రాదు, వాళ్ల భాషలోనూ ఈ మాట చేరాలి.

డిప్లొమా పిల్లలూ, ఇక మీ దగ్గరికి వస్తున్నా. మీలో సగం మంది బేల్దారోళ్ల, కూలీల బిడ్డలే. మీకు ఇంగ్లీషు చదవడం వచ్చు, ఇంట్లో సైట్ భాష వచ్చు, ఈ రెండూ ఉన్న మనుషులు ఇంకెక్కడా దొరకరు. ఆ టూల్‌బాక్స్ టాక్‌లలోంచి వారానికి ఒక్క కాగితం తీసుకోండి. పని చేసేవాళ్లను అడగండి, మన సైట్‌కు కుదరనివి సరిచేయండి, తేడా వస్తే మీ సార్‌లకు చూపించండి, తర్వాత రెండు నిమిషాల ఆడియో చేయండి. రాసింది వద్దు, చదవలేనివాళ్లు ఉన్నారు. పొద్దున్నే అడ్డాలో నిలబడ్డప్పుడు వినేలా ఉండాలి. మొదటిది గ్రానైట్ కటింగ్ మీద చేద్దాం. షాక్ మాట చెప్పిన ఆ అన్న ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు, మిషన్ కూడా తెచ్చాడు. టీ తాగి వచ్చి ఆయన చుట్టూ కూర్చోండి, ఫోన్లలో చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి.