ఎంజీబీకి షాక్ అబ్జార్బర్లు: పోయిన ఏడాది చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను

నమస్కారం. పోయిన ఏడాది ఇదే గ్యారేజీలో, ఇదే కారు పక్కన నిలబడి, వెనక షాక్ అబ్జార్బర్లు మార్చేశాను, ఇక పరుపు మీద కూర్చున్నట్టే ఉంటుందని మీతో చెప్పాను. ఆ వీడియో ఇంకా ఉంది, తీసేయలేదు. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికే ఈ వీడియో.

కారు సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ఇది ఎంజీబీ, ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైంది. అన్ని రకాలూ కలిపి అయిదు లక్షలకు పైగా చేశారు. నాది 1972 నాటి రోడ్‌స్టర్, పైకప్పు మడవవచ్చు. నేనుండేది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కాబట్టి, పుట్టింటి పొలిమేరలోనే కాపురం చేస్తోందన్నమాట.

కెమెరాను కాస్త కిందికి దించుతాను. వెనక చక్రం పక్కన కనిపిస్తున్నవి కమాన్ కట్టలు, అంటే వెనక స్ప్రింగులు. మన లారీలకు ఉంటాయి చూడండి, వాటికి చిన్న తమ్ముళ్లు. వాటి పైన, కారు శరీరానికి రెండు బోల్టులతో బిగించిన ఈ లోహపు డబ్బాయే షాక్ అబ్జార్బర్. ఇప్పటి కార్లలోలా నిలువు గొట్టం కాదు. డబ్బాలోంచి ఒక చెయ్యి బయటికి వస్తుంది, దాని చివర ఒక లింకు, ఆ లింకు ఇరుసుకు కలుస్తుంది. చక్రం లేచి పడినప్పుడల్లా ఈ చెయ్యి ఊగుతుంది, లోపల పిస్టన్లు నూనెను సన్నటి వాల్వు గుండా తోస్తాయి. ఆఫీసు తలుపు ధడాలున మూసుకోకుండా పైన ఒక పరికరం బిగిస్తారు కదా, పని తీరులో అదీ ఇదీ ఒకటే. దీన్ని లీవర్ ఆర్మ్ షాక్ అబ్జార్బర్ అంటారు. ఎంజీబీకి ఇచ్చింది ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ.

నిజానికి షాక్ అబ్జార్బర్ అన్న పేరే మనల్ని దారి తప్పిస్తుంది. గుంతలో పడ్డ దెబ్బను మింగేది స్ప్రింగు. మింగినదాన్ని అది మళ్లీ కక్కుతుంది, కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును నూనెలో వేడిగా మార్చి ఆర్పేయడమే ఈ డబ్బా ఉద్యోగం. షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయిన కారు మొదట్లో మెత్తగానే అనిపిస్తుంది, ఉయ్యాలలా. పది మైళ్లు పోయాక కడుపులో తిప్పుతుంది.

నా కారుకు జరిగింది అదే. వెనక ఎడమవైపు డబ్బా నూనె కారుతోంది. కుడిది కారడం లేదు, ఎందుకంటే కారడానికి అందులో ఏమీ మిగల్లేదు. అప్పుడు నాకు దొరికిన సలహా, మీలో చాలామందికీ దొరికే సలహా: ఆ పాతకాలపు డబ్బాలు పీకి పారేసి ఆధునికమైన టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్లు వేయండి. కిట్టు దొరుకుతుంది. డబ్బా ఉన్న చోట ఒక బ్రాకెట్, కింద ఇరుసు దగ్గర ఒక ప్లేటు, మధ్యలో గ్యాసు నింపిన గొట్టం. ఒక శనివారం మధ్యాహ్నం పని. ఏ కంపెనీదో చెప్పను, తప్పు ఎంపికలో సగం వాటా నాది కాబట్టి.

బిగించిన మర్నాడు కొత్తగా తారు వేసిన రోడ్డు మీద నడిపాను. అద్భుతం అనిపించింది, వెంటనే వీడియో తీసి పెట్టాను. ఆ తర్వాతి ఆదివారం వాంటేజ్ ఊరి వైపు పల్లె రోడ్ల మీద వెళ్లాం. అతుకుల మీద అతుకులు వేసిన రోడ్లవి. పెద్ద దిబ్బల మీద కారు బాగానే ఉంది. చిన్న చిన్న గతుకులు వచ్చినప్పుడే అసలు బాధ. ప్రతి అతుకూ నడుం దాకా వచ్చి పలకరించింది. పక్క సీట్లో మా ఆవిడ ఫ్లాస్కు మూత తీసింది, టీలో సగం ఆమె చీరకే వెళ్లింది. "పాతవి ఉన్నప్పుడు ఊగేదేమో కానీ, కొట్టేది కాదండీ" అంది. ఈ వీడియోలో నేను చెప్పబోయే సాంకేతిక వివరణ అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఎందుకు కొట్టింది? మొదటిది, ఎక్కువ పీడనంతో గ్యాసు నింపిన గొట్టంలో సీలు కడ్డీని గట్టిగా పట్టుకుని ఉంటుంది. చిన్న గతుకుకు కడ్డీ కదలడం మొదలుపెట్టేలోపే దెబ్బ కారు శరీరానికి చేరిపోతుంది. పైగా ఆ గ్యాసు కడ్డీని ఎప్పుడూ బయటికి నెడుతూ ఉంటుంది, అంటే స్ప్రింగుకు ఇంకో చిన్న స్ప్రింగు తోడైనట్టే. ఎంజీబీ వెనక భాగం అసలే తేలిక, ఇద్దరం కూర్చుంటే తప్ప అక్కడ బరువు ఉండదు. రెండోది, నేను కొన్న గొట్టానికి కదిలే జాగా తక్కువ. పెద్ద గుంతలో అది చివరికంటా ముడుచుకుని ఆగిపోతోంది. అప్పుడు బరువు మోసేది స్ప్రింగు కాదు, ఆ బ్రాకెట్టు. బోల్టుల చుట్టూ రంగు పగుళ్లు చూశాక విషయం అర్థమైంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. షాక్ అబ్జార్బర్లు మార్చే ముందు చూడాల్సినవేవీ నేను చూడలేదు. టైర్లలో ముప్ఫై రెండు పౌండ్ల గాలి ఉంది! మా ఇంటి రెండో కారు అలవాటు. ఈ కారు పుస్తకం చెప్పేది రేడియల్ టైర్లకు ముందు 21, వెనక 24. అంత గాలి దింపగానే సగం రోగం కుదిరింది, పైసా ఖర్చు లేదు. తర్వాత కారు కింద పడుకుని కమాన్ కట్టలు చూశాను. యాభై ఏళ్ల బరువుకు చదునుగా కుంగిపోయి, ఇరుసుకూ పైనున్న రబ్బరు స్టాపుకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. ప్రతి గుంతలోనూ ఇరుసు ఆ రబ్బరును గుద్దుతోంది, తిట్లు మాత్రం షాక్ అబ్జార్బర్‌కు పడుతున్నాయి. కొత్త కట్టలు వేయించాను. బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరి తొడుగులు, కూడా కొత్తవే, మామూలు రబ్బరువి. పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు చాలాకాలం ఆగుతాయని అందరూ చెబుతారు, నిజమే. కానీ సుఖం కోసం వెతుకుతున్న మనిషికి వాటితో పనిలేదు. ముందు చక్రాల కింది చేతులకు మాత్రం ఎంజీబీ జీటీ వీ8 కోసం తయారైన రకం బుష్‌లు వేయవచ్చు. అవీ రబ్బరువే, కానీ దిట్టం. నేను వేశాను, బాగున్నాయి.

ఆఖరున, గొట్టాలు విప్పేసి పాత రకం లీవర్ ఆర్మ్ డబ్బాలే బాగు చేయించి పెట్టాను. బాగు చేయించడం అంటే ఏమిటో అడిగి మరీ తెలుసుకోండి. రంగు వేసి, నూనె నింపి అమ్మేవి కూడా "రీకండిషన్డ్" పేరుతోనే వస్తాయి. చెయ్యి తిరిగే ఇరుసు అరిగిపోతే కొత్త సీలు వేసినా నెలలో మళ్లీ కారుతుంది. ఆ ఇరుసుకు కొత్త బుష్ వేసి, కొత్త సీలు పెట్టినవే కొనాలి.

డబ్బా చేతికి వచ్చాక బిగించకముందు ఈ పరీక్ష చేయండి. వైసులో, అంటే బల్లకు బిగించిన పట్టులో, నిలువుగా పట్టించి, చేతిని పైకీ కిందికీ నెమ్మదిగా తిప్పండి. ఇదిగో, ఇలా. మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువు ఉండాలి. దిశ మార్చినప్పుడు కొంత దూరం ఖాళీగా జారిందంటే లోపల గాలి ఉంది, లేదా నూనె తక్కువ. పది పదిహేనుసార్లు పూర్తిగా ఆడించి, నూనె నింపి, మళ్లీ ఆడించండి. మోటారుసైకిల్ ఫోర్కుల్లో పోసే 20 గ్రేడు నూనె సరిపోతుంది. బ్రేకు ఆయిల్ పోయకండి. కారు గట్టిగా పట్టుకోవాలని ఇంకా చిక్కటి నూనె పోసేవాళ్లున్నారు. చలికాలం ఉదయం ఆ కారు ఎద్దుబండే. పైనున్న మూత విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవండి, ఒక్క ఇసుక రేణువు చాలు వాల్వును పాడుచేయడానికి.

ముందు వైపు సంగతి వేరు, కొంచెం జాగ్రత్తగా వినండి. ఎంజీబీలో ముందున్న షాక్ అబ్జార్బర్ చెయ్యే చక్రాన్ని పట్టి ఉంచే పై చెయ్యి కూడా. దాన్ని విప్పారంటే, కింద నొక్కి ఉన్న స్ప్రింగుకు అడ్డు తీసేసినట్టే. స్ప్రింగు కిందున్న పళ్లానికి జాకీ ఆనించకుండా ఆ నాలుగు బోల్టుల జోలికి వెళ్లకండి. ముందు వైపుకు అమ్మే టెలిస్కోపిక్ కిట్లలో కొన్ని పాత డబ్బాను తీయవు, దాని వాల్వు తీసేసి ఉత్త చెయ్యిగా వాడుకుంటాయి. అరిగిన డబ్బా అరిగినట్టే ఉంటుందన్నమాట. అంత డబ్బు పెట్టి దాన్నే ఉంచుకోవడం నాకైతే రుచించదు.

సరే, ఎలా ఉంది ఇప్పుడు? నిన్న అదే రోడ్డు, అదే ఫ్లాస్కు. అతుకులు చెవికి వినిపించాయి, నడుముకు తెలియలేదు. స్పీడ్ బ్రేకర్ దాటాక ఒక్కసారి లేచి, దిగి, ఆగిపోయింది. లోపం లేదా అంటే ఉంది. అరవై మైళ్ల వేగంతో వరుస మలుపుల్లో కారు కాస్త ఒరిగి ఆలోచించుకుంటుంది. ఎక్కువసేపు గతుకుల మీద ఉరికిస్తే నూనె వేడెక్కి పట్టు సడలుతుంది. నేను ఉరికించను కాబట్టి నాకు పట్టింపు లేదు.

ఉరికించేవారు, లేదా ట్రాక్ మీదికి కూడా తీసుకెళ్లేవారు టెలిస్కోపిక్ వేసుకోండి, కాదనను. అప్పుడు కూడా అధిక పీడనపు మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం రకం, కాకుండా, రెండు గొట్టాల రకం, సర్దుబాటు చేసుకోగలిగేది చూడండి. పాత కార్లకు కోనీ కంపెనీ చేసే వాటిలో మామూలుగా తిరిగి సాగేటప్పటి బిగువు మాత్రమే మారుతుంది. చాలావాటిని కారు నుంచి విప్పి, పూర్తిగా నొక్కి తిప్పాలి. స్పాక్స్ కంపెనీవి కారు మీద ఉండగానే చిన్న స్క్రూతో తిప్పవచ్చు, కానీ నొక్కుకునే బిగువూ సాగే బిగువూ కలిసి మారతాయి. నడుం సుఖానికి కోనీ పద్ధతే మంచిదని నా లెక్క: గుంతలో పడేటప్పుడు గట్టిపడకుండానే, లేచేటప్పటి ఊపును అదుపు చేసుకోవచ్చు. ఏది కొన్నా అన్నిటికంటే మెత్తని అమరికతో మొదలుపెట్టి, ఊగుతోంది అనిపించినప్పుడే పెంచండి.

వ్యాఖ్యల్లో మీ కారు గురించి అడగండి, ట్రయంఫ్ టీఆర్6 ఉన్నవారు ముఖ్యంగా. మీకూ వెనక లీవర్ ఆర్మ్ డబ్బాలే. కాకపోతే ప్రశ్నతో పాటు టైర్లలో గాలి ఎంత ఉందో కూడా రాయండి, లేదంటే నేను మొదట అడిగేది అదే.