గడ్డతో డిస్కషన్ ఏంది మామా?

నమస్తే అండీ. ఈ ప్రశ్న నాది కాదు, మా పక్కింటి పాపది. మాది తిరుపతిలో బైరాగిపట్టెడ. ఆ పాప నర్సింగ్ చదువుతా ఉంది. మొన్న సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చింది. పాతకాలం ఇంగ్లీషు వైద్యం పుస్తకంలో ఒక పేజీ చూపించింది. ఫలానా ఆకు నూరి కట్టితే అది వాపును ‘డిస్కస్’ చేస్తుంది అని ఉంది అందులో. “గడ్డతో డిస్కషన్ ఏంది మామా, అచ్చుతప్పా?” అంది. నేనూ మొదట అట్లే అనుకున్నా, అబద్ధమెందుకు.

అచ్చుతప్పు కాదండీ. డిస్కస్ అనే క్రియకు ఒకప్పుడు నిఖార్సయిన వైద్యం అర్థం ఉండేది. ఒకచోట పోగుపడిన వాపునో, గడ్డనో చెదరగొట్టి కరిగిపోయేట్టు చేయడం. 1755లో శామ్యూల్ జాన్సన్ వేసిన ఇంగ్లీషు నిఘంటువు తీసి చూడండి. పరిశీలించడం అనే అర్థం ఇచ్చి, దాని కిందనే చెదరగొట్టడం అని ఇంకో అర్థం ఇచ్చాడు. ఇది మామూలుగా వాపుల విషయంలో వాడే మాట అని కూడా రాశాడు. అట్లా చెదరగొట్టే మందులకు ‘డిస్క్యూషియెంట్’ అని పేరే ఉండేది.

మాట పుట్టింది లాటిన్లో. ‘క్వాటెరే’ అంటే కుదపడం, ఊపడం. ముందు ‘డిస్’ తగిలిస్తే చెల్లాచెదురుగా కుదిపేయడం. మన ఊళ్లో చింతచెట్టు ఎక్కి కొమ్మ పట్టుకుని దులిపితే కాయలు తలా ఒక దిక్కు పడతాయి చూడండి, అదీ ఆ మాటలో ఉండే బొమ్మ. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమ్‌లో సెల్సస్ రాసిన వైద్యగ్రంథంలో, ఒంట్లో ఒకచోట గుమిగూడినదాన్ని చెదరగొట్టే మందులకు ఆయన వాడింది ఈ క్రియనే. ఆ కాలపు లెక్క ప్రకారం వాపు అంటే ఒంట్లోని ద్రవాలు దారితప్పి ఒకచోట చేరడం. చేరినదాన్ని చెదరగొడితే సరిపాయె. తరవాత తరవాత, గడ్డను విడగొట్టినట్టే ఒక విషయాన్ని విడగొట్టి చూడటానికీ అదే మాట పోయింది. అద్దెకొచ్చినోడు ఇల్లు సొంతం చేసుకున్నట్టు, ఆ రెండో అర్థమే నిలబడి మొదటిది బయటికి పోయింది.

ఈ క్వాటెరే సంతానం ఆస్పత్రిలో ఇంకా తిరగతానే ఉంది. తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు గురైతే కంకషన్ అంటారు. ఇంకొకటి పర్కషన్. దీని కథ నాకు చాలా ఇష్టం, ఒక నిమిషం చెప్పనివ్వండి.

డాక్టరు మన వీపు మీద ఎడమచేతి నడిమేలు ఆనించి, దాని మీద కుడిచేతి నడిమేలితో టక్ టక్ మని కొడతాడు గదా, అది పర్కషన్. ఇట్లా ఒంటిని తట్టి చూసే పద్ధతిని మొదట వైద్యంలోకి తెచ్చినవాడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్, ఆస్ట్రియా ఆయన. నాయన సత్రం నడిపేవాడు. పీపాలో సారాయి ఎంతవరకు ఉందో తెలుసుకోవడానికి నాయన పీపాను తట్టి చూసేవాడని, పిల్లోడికి అక్కడే ఆలోచన తట్టిందని అంటారు. 1761లో వియన్నాలో చిన్న పుస్తకం వేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చాకనే అది నలుగురి నోళ్లలో పడింది. ఆ మరుసటి ఏడే, 1809లో, ఔయెన్‌బ్రుగ్గర్ పోయాడు. ఊపిరితిత్తి ఆరోగ్యంగా ఉంటే ఖంగుమంటుంది, దాని చుట్టూ నీరు చేరితే రాయిని కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. సంతలో పనసకాయ తట్టి చూసి కొనే మనకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సరే, గడ్డ దగ్గరికి వస్తాం. ఇంగ్లీషోళ్లు ఆ క్రియను పోగొట్టుకున్నారు గానీ, మనకు అట్లాంటి మాటలు పుష్కలంగా ఉన్నాయి. సెగగడ్డ లేస్తుంది. తరవాత దానికి రెండే దారులు. ఒకటి, అణగడం. “వాపు అణిగిపాయె” అంటాం. రెండోది, పండటం. చీము పట్టి, మెత్తబడి, మొన తేలి, పగలడం. పండటమనే మాట చూడండి, మామిడికాయకూ అదే, గడ్డకూ అదే. మా అవ్వ వేలితో నొక్కి చూసి “ఇంకా పచ్చిగా ఉండాది, ముట్టుకోవద్దు” అనేది. తమలపాకుకు ఆముదం రాసి, సెగకు వెచ్చచేసి కట్టేది. అణగనన్నా అణగాల, పండనన్నా పండాల, ఏదో ఒకటి తేలాల అని ఆమె పట్టు.

అవ్వకు తెలియదు గానీ, ఇదే లెక్క సుశ్రుతసంహితలో ఉంది. ఆమం, పచ్యమానం, పక్వం. పచ్చిది, పండుతున్నది, పండినది. పచ్చి దశలో చేసే మొదటి పని పేరు విమ్లాపనం. మెల్లగా రుద్ది వాపును వాడిపోయేట్టు చేయడం. నన్నడిగితే పాత డిస్కస్‌కు సరిగ్గా అతికే మాట ఇదే. మన ఎస్వీ ఆయుర్వేద కళాశాలలో చదివే పిల్లలకు ఇది కొత్తేం కాదు. పచ్చి గడ్డను తెలియక కోసేవాణ్ణీ, పండినదాన్ని కోయకుండా వదిలేసేవాణ్ణీ సుశ్రుతుడు ఒకే గాటన కట్టి తిట్టాడు.

ఇప్పటి సర్జన్ కూడా ముందు చూసేది అదే, లోపల చీము చేరిందా లేదా అని. వేళ్లతో నొక్కి చూస్తాడు, అనుమానముంటే స్కాన్ చేయిస్తాడు. చీము లేకుంటే కోతతో పని లేదు, మందులతో చూస్తారు. చీము చేరి ఉంటే కోసి తీయాల్సిందే, ఉత్త మాత్రలతో లొంగదు. ఒక మాట, షుగర్ ఉన్నవాళ్లు, ముఖం మీద గడ్డ లేచినవాళ్లు ఆకులూ పసర్లూ పెట్టుకుని కూర్చోకండి, పిసకనే పిసకొద్దు. నేరుగా డాక్టరు దగ్గరికి పోండి. నేను చెప్పేది మాట గురించి, మందు గురించి కాదు.

మరి అణిగిందనడానికి ఈ కాలం ఇంగ్లీషు వైద్యంలో ఏం రాస్తారు? ‘రిజాల్వ్డ్’. ఇదీ లాటినే, ముడి వదులు చేయడం అని మూలార్థం. మీ ఇంట్లో ఎవరిదన్నా డిశ్చార్జ్ కాగితం ఉంటే తీసి చూడండి, ఎక్కడో ఒకచోట కనపడతాది. సమస్యలు రిజాల్వ్ అయినట్టే న్యుమోనియా కూడా రిజాల్వ్ అవుతుంది. డిస్కస్ పోయిన చోట ఇది కూర్చుంది.

ఇదంతా విని పాప కాసేపు ఆలోచించింది. “అయితే మామా, రేపు వార్డులో పేషెంటుకు వాపు తగ్గితే, కేస్ షీటులో డిస్కస్డ్ అని రాసేదా?” అంది.

“రాయి తల్లీ, రాయి. మీ మేడం నిన్ను పిలిచి డిస్కస్ చేస్తుంది. పాత అర్థంలో” అన్నా.