విమర్శకులు తిట్టిన 'అలర్ట్' మూడు సీజన్లు ఎట్ల నడిచింది?

[తెర మీద: 'అలర్ట్: మిస్సింగ్ పర్సన్స్ యూనిట్' పోస్టర్]

నమస్తే. 2023 జనవరిల అమెరికాల ఫాక్స్ ఛానెల్ ఈ సీరీస్ మొదలుపెట్టంగనే రివ్యూలోళ్లు ఉతికి ఆరేసిన్రు. డైలాగులు అతికినట్టు లేవన్నరు, కథ నమ్మబుద్ధి కాదన్నరు, కేసు కన్న ఇంటి పంచాదే ఎక్కువైందన్నరు. హాలీవుడ్ హీరో జేమీ ఫాక్స్ పేరు క్రియేటర్లల్ల ఉండేసరికి ఆశలు కూడ జర పెద్దగనే ఉండె మరి.

కథ చిన్నదే. ఫిలడెల్ఫియాల తప్పిపోయినోళ్లను వెతికే పోలీస్ టీం. అండ్ల పనిచేసే నిక్కీ కొడుకే కొన్నేండ్ల కింద మాయమైండు. విడిపోయిన భర్త ఒకనాడొచ్చి, పిలగాడు బతికే ఉన్నడని ఫొటో చూపిస్తడు. ఇగ వారానికో కేసు, ఎనక ఈ కొడుకు ముచ్చట.

ఇంటి పంచాది ఎక్కువైందన్న మాట నేనైతే ఒప్పుకోను. సీరియళ్లు చూసుకుంట పెరిగినోళ్లం, గంత ఏడుపు మనకో లెక్కనా! సీరీస్‌ను నిలబెట్టిందే ఆ తల్లి కథ. వారానికో కేసు కాబట్టి నడుమల ఎక్కడ పెట్టినా అర్థమైతది, అందుకే మూడు సీజన్లు ఆడి 2025ల ఆగింది.

అసలు లోపం తొందర. పిల్ల కనబడతలేదని ఫోన్, రెండు యాడ్‌లకు క్లూ, ముప్పావుగంటల తల్లి ఒడిల పిల్ల. 2002 నుంచి 2009 దాక అమెరికాలనే సీబీఎస్ ఛానెల్‌ల వచ్చిన, తప్పిపోయినోళ్లను వెతికే ఇంకో సీరీస్ 'వితౌట్ ఎ ట్రేస్' చూడున్రి. మనిషి ఆఖరిసారి ఎక్కడ కనబడ్డడు, ఆ తర్వాత గంటకేమైంది అని బోర్డు మీద గీత గీసి రాసుకుంట పోతరు. ఎదురుచూపు బరువు అక్కడ తెలుస్తది.

[తెర మీద: మేడారం, జంపన్న వాగు]

మన దిక్కు ఈ కథకు ఇంకో సగం ఉన్నది. మేడారం జాతరకు పోయినోళ్లకు ఎరుకే. మైకుల పొద్దంత ఒకటే: "ఐదేండ్ల పాప, పచ్చ గౌను, కాళ్లకు పట్టీలు, పేరు అడిగితే చిన్ని అంటున్నది, తల్లిదండ్రులు ఎక్కడున్నా మైకు కాడికి రావాలె." ఆ పాప బల్ల మీద కూసోని, ఎవరో ఇచ్చిన బిస్కెట్ తినకుంట పట్టుకొని, వచ్చే ప్రతి ఆడామె మొఖం చూస్తది. పిల్ల దొరికింది, ఇల్లే దొరుకుతలేదు! జనవరిల ఆపరేషన్ స్మైల్, జులైల ఆపరేషన్ ముస్కాన్ అని మన పోలీసులు పిల్లలను వెతికి తెస్తరు గదా, ఊరి పేరు సక్కగ చెప్పలేని పిలగాన్ని ఇంటికి చేర్చుడే అండ్ల కష్టం. ఈ సీరీస్‌కు ఆ సగం పట్టనే పట్టదు.

తొందర వద్దన్న గదా అని స్టేషన్‌కు పోవుడు ఆలస్యం చెయ్యకున్రి. ఒకరోజు ఆగాలన్నది ఉత్త మాట. పిల్లలు తప్పిపోతే కిడ్నాపో, అక్రమ రవాణానో అనుకొని ఎఫ్‌ఐఆర్ రాయాలని 2013లనే సుప్రీంకోర్టు చెప్పింది.

చూడాల్నా వద్దా అంటే, మొదటి సీజన్ చూడున్రి, కొడుకు కథ కోసం. నడుమ కేసులు ఫార్వర్డ్ చేసినా ఏం పోదు.