ఐదున్నర క్వింటాళ్ల పట్టు

(హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికి నమస్తే. ముందుగాల ఈ క్లచ్ ప్లేటును చెయ్యి మార్చుకుంట వెనక బెంచీ దాకా పంపండి. ఇంజన్ తిప్పుడును గేర్ బాక్స్‌కు అందించేది, పెడల్ తొక్కితే విడగొట్టేది ఈ క్లచ్చే. మసి అంటుతది, తెల్ల అంగీలోళ్లు జర పైలం. వాసన చూడండి. ఎన్నో నెలలైనా కాలిన కంపు పోలేదు. రివెట్లు చూసిన్రా? వాటి మీద లైనింగ్, అంటే రాసుకునే పొర, ఇంకా మంచిగనే ఉన్నది. అంటే ఈ ప్లేటు అరిగిపోయింది కాదు, నేను కాల్చింది.

నా బండి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2004 మోడల్. "గిదేం స్పోర్ట్స్ కారు బావా, డిక్కీల నాలుగు బియ్యం బస్తాలు పడ్తయి" అని మా బామ్మర్ది ఎక్కిరిస్తడు. బానెట్ లేపితే 1.8 లీటర్ల టర్బో ఇంజన్, 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. సాలదా? నాకు సాలలేదు. ఇంజన్ను నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, అందుల ట్యూన్ మార్పించిన. టార్క్ 270 దాటుతదని ట్యూన్ చేసినాయన చెప్పిండు. క్లచ్ సంగతి ఆయన చెప్పలే, నేను అడగలే.

రెండు నెలలు ములుగు రోడ్డు మీద రాజ్యం నాదే. ఒకనాడు నాలుగో గేరుల, స్పీడు 80 దాటినంక కాలు గట్టిగ తొక్కిన. ఆర్‌పీఎం ముల్లు 3000 నుంచి 4500కు ఎగిరింది, స్పీడు ముల్లు ఉన్నకాడనే ఉన్నది. ఎడ్లు కదలకుంట చెర్నాకోల ఒక్కటే ఝళిపించినట్టు. క్లచ్ జారుడంటే ఇదే. పై గేరుల, టర్బో నిండుగ ఊదేటప్పుడు ముందు బయటపడ్తది.

ఎందుకు జారింది? మీరు ఇంజనీరింగ్ పిల్లలు, లెక్క చూద్దాం. ప్లేటుకు రెండు ముఖాలు. ఒకటి ఇంజన్‌తోని తిరిగే బరువు చక్రం, ఫ్లైవీలుకు రాసుకుంటది, ఇంకోటి దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటుకు. రాపిడి గుణకం 0.3 అనుకోండి, సగటు వ్యాసార్ధం 9 సెంటీమీటర్లు. 300 న్యూటన్ మీటర్లు జారకుంట మోయాలంటే ప్లేటును ఎంత బలంతోని నొక్కాలె? 300ను రెండు, 0.3, 0.09ల లబ్ధంతో భాగించండి. దాదాపు 5,550 న్యూటన్లు. మన ఎనుమాముల పత్తి మార్కెట్ భాషల ఐదున్నర క్వింటాళ్ల పైన. అంత పత్తి బరువును ఒక డయాఫ్రమ్ స్ప్రింగ్ రాత్రింబగళ్లు నొక్కి పట్టుకుంటది. మీరు పెడల్ తొక్కినప్పుడు ఎత్తేది దాన్నే.

గందుకే పట్టు పెంచే దార్లు ముఖ్యంగ మూడు. స్ప్రింగ్ గట్టిది వెయ్యాలె, కాలు నొస్తది. లైనింగ్ మార్చాలె, మెటల్ ముక్కల ప్లేటు వేస్తే చౌరస్తా కాడ బండి కప్పలెక్క ఎగురుతది. లేకుంటే ప్లేటు పెద్దది వెయ్యాలె, క్లచ్ మీద గంట లెక్క కప్పి ఉండే బెల్ హౌసింగుల జాగ ఉండాలె కద. నేను మొదటి దారి పట్టిన. ఫోక్స్‌వ్యాగన్ వీఆర్6 క్లచ్‌కు అదే కంపెనీ కొరాడో జీ60 కారు ఫ్లైవీల్ జోడించుడు ఈ ఇంజన్లోళ్లకు పాత అలవాటే. అసలు ఫ్లైవీల్ లోపల స్ప్రింగులున్న రెండు ముక్కలది, ఇది ఒకే ముక్క. దాంతోని న్యూట్రల్ల గేర్ బాక్స్ గలగలమంటది. గాజుల సప్పుడని మా ఆవిడకు చెప్పిన, నమ్మలే.

పని మా ఇంటి వాకిట్లనే. బ్యాటరీ తీసుడు, నాలుగు స్టాండ్ల మీద బండి నిలవెట్టుడు, జాకీని నమ్మకపోవుడు, ఇవి మీకు తెలిసినవే. డ్రైవ్ షాఫ్ట్ బోల్టులకు మాత్రం పన్నెండు పళ్ల బిట్ కావాలె. మామూలు ఆలెన్ కీ పెడితే తల గుండ్రంగ అరిగి కూసుంటది. గేర్ బాక్స్ మౌంటు ఇప్పితే ఇంజన్ ఒక దిక్కు ఒరుగుతది కాబట్టి పైనుంచి అడ్డకమ్మికి గొలుసు కట్టి ఆపాలె. మా మేనల్లుడు సీట్ల కూసోని ఊకెనే క్లచ్ పెడల్ తొక్కిండు. పెడల్ నొక్కుడును ఆయిల్‌తోని క్లచ్ దాకా అందించే స్లేవ్ సిలిండర్ అప్పటికే విప్పి ఉన్నది. పిస్టన్ టప్పుమని బయటకొచ్చి బ్రేక్ ఆయిల్ గచ్చంతా పారింది. ఈ బండ్ల బ్రేకుకు, క్లచ్‌కు ఆయిల్ డబ్బా ఒక్కటే.

గేర్ బాక్స్ దించినంక ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు. అది వేడి చేసిన సంతకం. దించినం కద అని వెనక ఆయిల్ సీల్, క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ కూడ మార్చిన. ఇరవై ఏండ్ల సీలును అట్లనే వదిలేసి, అది కారితే మళ్ల అదే బరువు దించాలె.

కొత్త ప్లేటు మీద ఒక జర్మన్ మాట అచ్చు వేసి ఉన్నది, "గెట్రీబెజైటె". గేర్ బాక్స్ దిక్కు అని అర్థం. తిప్పి బిగిస్తే క్లచ్ విడవనే విడవదు. అది సరిగ్గనే పెట్టినం. అసలు కత ఆ తర్వాత. సుమారు 40 కిలోల గేర్ బాక్స్‌ను ఎత్తి ఇంజన్ దిక్కు నెట్టినం. అంతా వచ్చి చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది. "బోల్టులు బిగించు బావా, అదే గుంజుకుంటది" అన్నడు బామ్మర్ది. రాత్రి పది దాటింది, చేతులు పడిపోయినయి. పానా పెట్టి ఒక బోల్టు రెండు చుట్లు తిప్పిన కూడ. కిర్రుమన్నది. ఆగిన. గుంజితే గేర్ బాక్స్ బరువంతా దాని షాఫ్ట్ మీదుగ ప్లేటు నడుమ మీద పడి అది వంగుతది, లేకుంటే గేర్ బాక్స్ చెవి పగులుతది. తెల్లారి మళ్ల దించి చూస్తే, ప్లేటును నడుమ నిలిపే ప్లాస్టిక్ కడ్డీ కుంగి ప్లేటు రెండు మిల్లీమీటర్లు కిందికి జారింది. ఈసారి మేమే చేతితోని సరిజేసి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగ కొంచెం కొంచెం బిగించినం. గేర్ బాక్స్ ఒక్క నెట్టుకు డబ్బా మూత లెక్క కూసున్నది.

ఇంకో మాట, జర సిగ్గుతోని చెప్తున్న. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగ బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు గట్టిగ చెప్పింది కూడ. నేను చదివింది పనంతా అయినంక. ట్యూన్ మళ్ల పాతదానికి తెచ్చిన. ఇప్పుడు 210 న్యూటన్ మీటర్లకు 300 మోసే క్లచ్ ఉన్నది. మీరు మాత్రం పానా పట్టకముందే ఆర్టీఓ ఆఫీసుల, ఇన్సూరెన్సోళ్లను అడగండి.

ఖర్చెంత అని అక్కడ చెయ్యి లేపిన తమ్ముడూ, మా ఆవిడ ముందు వరుసలనే ఉన్నది. బయట చెప్త. ఆ ప్లేటు తిరిగి ఇయ్యండి. ప్రెషర్ ప్లేటు తెద్దామనుకున్న గని ఎండకాలం కద, మా ఇంట్ల దాని మీద నీళ్ల రంజన్ పెట్టిన్రు.